మా అత్తమ్మ నోటి ఉపవాసం

నేను కాపురానికి వచ్చేదాకా ఈ ఇంట్లో శుక్రవారం పొద్దున పొయ్యి వెలిగేది కాదట. ఆ రోజు మా అత్తమ్మ చీకటి ఉండగానే లేచి, వాకిలి ఊడ్చి, తలస్నానం చేసి, తన గదిలో చాప మీద కూర్చునేది. ఎండెక్కాక సందు చివర ఉన్న ప్రార్థన మందిరానికి వెళ్లేది. అక్కడ మరికొందరు ఆడవాళ్లతో కలిసి పాటలు, వాక్యం, ప్రార్థన. మధ్యాహ్నం మూడింటికి, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన వేళకు, కూడిక ముగిసేది. అప్పటిదాకా ఆమె నోట్లో మంచినీళ్లు తప్ప మరేమీ పడేది కాదు. ఇంటికొచ్చి గ్లాసెడు జొన్న జావ తాగి, "ఇగ పాణం లేచొచ్చింది" అని నవ్వేది.

నాది కోహెడ. మేమూ విశ్వాసులమే. కానీ మా పుట్టింట్లో ఉపవాసమంటే ఏడాదికొక్కసారి, శుభ శుక్రవారం నాడు మాత్రమే. అప్పుడు కూడా ఆరాధన ముగిసీ ముగియకముందే మా బాపు అన్నం సంగతి అడిగేవాడు. నాకు ఆకలికి ఆగే అలవాటు లేదు. చిన్నప్పటి నుంచీ ఆకలేస్తే తల తిరిగేది, ఆ వెనకే కోపం వచ్చేది. ఈ విషయం అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక పెళ్లయిన మొదటి శుక్రవారం వంటింటి గడపలో నిలబడి ఉంటే ఆమే చూసింది.

"ఆకలైతుందా బిడ్డా? వండుకొని తిను. ఒకరు చెప్తే ఉండేది గాదు ఉపాసం. నీకు బుద్ధి పుట్టిననాడు ఉందువు."

అంతే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు శుక్రవారాల్లో ఆమె పస్తుండేది, నేను తినేదాన్ని. నా కంచం వైపు ఆమె ఒక్కసారి కూడా మరోలా చూడలేదు.

ఆమె ఉపవాసం మొదలైంది మా మామయ్య కోసం. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు మామయ్యకు పెద్ద జబ్బు చేసిందట. దవాఖానలో ఆశ లేదన్నారట. అప్పుడు ఈమె శుక్రవారం పట్టింది. మామయ్య కోలుకుని, మనవడినీ మనవరాలినీ ఎత్తుకుని, ఆ తర్వాతే పోయాడు. ఆయన పోయాక కూడా ఆమె మానలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇంకా దేనికోసం అత్తమ్మా అని.

"అప్పుడు అడగనీకె పోయేదాన్ని బిడ్డా. ఇప్పుడు ఊకె ఆయన కాడ కూసోనీకె పోతున్న" అంది.

ఇక ఆమె మాటల సంగతి చెప్పాలి. మా ముందు గదిలో నా కుట్టుమిషన్ ఉంటుంది. జాకెట్లు, లంగాలు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. జాకెట్టు కుట్టడానికి నాకు పట్టే సమయం కన్నా, కొలత ఇవ్వడానికి వచ్చిన వాళ్లతో మా అత్తమ్మ మాట్లాడే సమయమే ఎక్కువ. గుమ్మం పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎవరింట్లో ఏమైందో అడుగుతుంది, వాళ్లు చెప్పేలోపు తన సంగతి మొదలుపెడుతుంది. మనసులో కల్మషం లేదు. కానీ ఎదుటివాళ్ల మాట పూర్తికానిచ్చేది కాదు. నేను ఏదైనా చెప్పబోతే మధ్యలోనే "నాకెర్కలే" అనేది. నిజానికి సగం ఆమెకు తెలిసేదే కాదు. మా ఆయన బస్సు కండక్టరు. రోజంతా బస్సులో వినే గోల కన్నా ఇంటికొచ్చాక వినేదే ఎక్కువని నవ్వేవాడు.

కొన్నేళ్ల కిందట ఆమెకు షుగర్ వచ్చింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది. పొద్దున మాత్ర వేసుకున్నాక తినాలని చెప్పింది కూడా. అత్తమ్మ మిగతా రోజులన్నీ బుద్ధిగా తినేది. శుక్రవారం మాత్రం మాత్ర వేసుకుని మంచినీళ్లు తాగి ఊరుకునేది. మేం గమనించలేదు. ఒక శుక్రవారం కూడికలో పాట పాడుతూ పాడుతూ ఆమెకు ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణికి, పక్కనున్న ఆమె ఒళ్లోకి ఒరిగిపోయింది. పాస్టరమ్మ వంటింట్లోంచి చక్కెర తెచ్చి నాలుక మీద వేసింది. నేను మిషన్ ఆపి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఆటోలో దవాఖానకు పోతుంటే ఆమె తల నా భుజం మీద ఉంది. అంత తేలిగ్గా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తేరుకున్నాక డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "మాత్ర ఏసుకొని తినకుంట ఉంటే పాణం మీదికొస్తది. ఇగ ఉపాసాలు బంద్."

"ఒక్క శుక్రవారమే గదా డాక్టరమ్మా" అంది అత్తమ్మ.

"షుగర్‌కు శుక్రవారం, ఆదివారం తెల్వదమ్మా."

ఆ తర్వాతి శుక్రవారం నేను జొన్న రొట్టె చేసి, టమాట కూరతో పెట్టాను. ఆమె కంచం తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. మా అందరికీ వీపు పెట్టి తింది. ఒక్కో ముక్కా మింగడానికి ఎంత కష్టపడిందో వెనక నుంచే తెలిసిపోయింది. తిన్నాక మందిరానికి వెళ్లలేదు.

"పోదాం అత్తమ్మా, నేను తోలుకపోత" అన్నాను.

"తిన్న నోటితోని ఉపాస కూడికకు ఎట్ల పోవాలె బిడ్డా? అందరు పస్తుంటే నేను తేన్పుకుంట కూసుంటనా?"

అలా కొన్ని వారాలు గడిచాయి. ఆదివారం ఆరాధనకు వచ్చేది, శుక్రవారం మాత్రం గది దాటేది కాదు. చివరికి పాస్టరయ్యగారే ఇంటికి వచ్చారు. పెద్దాయన, నెమ్మదస్థుడు. చాయ్ తాగుతూ ఆమె చెప్పిందంతా విన్నారు. ఆమె చాలాసేపు చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టి అన్నారు:

"ఉపాసమంటే కడుపుకే అని ఎవరన్నరమ్మా? ఏది లేకుంటే నీకు పొద్దు గడవదో, దాన్ని కొద్దిసేపు దేవుని ముంగట పక్కకు పెట్టు. అది గూడ ఉపాసమే."

అందరి మనసులో ఒకటే తోచిందని అందరికీ తెలుసు. మా ఆయనే ముందు బయటపడ్డాడు.

"గట్లయితే మా అవ్వ మాట్లాడుడు బంద్ పెట్టాలె అయ్యగారూ."

అందరం నవ్వాం. అత్తమ్మ కూడా నవ్వింది. నవ్వి, కాసేపటికి ఆ నవ్వు ఆపి, కొంగుతో మూతి తుడుచుకుని అంది: "నిజమే. బువ్వ కన్న నాకు గదే ఎక్కువ. శుక్రవారం పొద్దున లేసినకాడికెల్లి మూడింటి దాక నోరు తెరువ. ప్రార్థన గూడ మనసులనే చేసుకుంట."

పాస్టరయ్యగారు ప్రార్థన చేసి లేచారు. ఆయన వెళ్లాక ఆమె నా వైపు తిరిగింది. "మరి ఈ ఇంట్ల బువ్వ ఉపాసం ఆగిపోయినట్టేనా?" అంది. నన్ను అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టే ఉంది.

"నేనుంట అత్తమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. చెప్పిన మరుక్షణమే రేపే శుక్రవారమని గుర్తొచ్చింది.

ఆ మొదటి శుక్రవారం మా ఇద్దరికీ కష్టంగానే గడిచింది. నేను తినకుండా ఆమె కోసం రొట్టెలు చేశాను. పెనం మీద జొన్న రొట్టె పొంగేటప్పుడు వచ్చే వాసన అంత కమ్మగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆమె కంచం ముందు కూర్చుని, నా మొహం చూసి, మళ్లీ గోడ వైపు తిరగబోయింది. నేను ఆపాను.

"ఇటే తిరిగి తిను అత్తమ్మా. నువ్వు తింటేనే నా ఉపాసం నడిచేది."

ఆమె ఏదో అనబోయి పెదవులు బిగపట్టుకుంది. ఇటే తిరిగి, కళ్లు మూసుకుని కృతజ్ఞత చెప్పుకుని, నెమ్మదిగా తింది.

కాసేపటికి కొండపాక నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. రోజూ ఆ వేళకు చేస్తుంది. అత్తమ్మ అలవాటుగా ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది, అప్పుడు గుర్తొచ్చి తలకాయ మాత్రం ఊపింది. అవతల నుంచి "అవ్వా! అవ్వా! ఏమైందే?" అని కేకలు. నేను ఫోన్ అందుకుని విషయం చెప్పాను. ఆడబిడ్డ కాసేపు నమ్మలేదు. తర్వాత పెద్దగా నవ్వింది.

"అయితే వదినె, ఫోన్ మా అవ్వ చెవుకాడనే పెట్టు. ఇన్నొద్దులు నాకు సందియ్యలె. ఇయ్యాల నేను చెప్త."

అలా ఆమె చెబుతూనే ఉంది, అత్తమ్మ వింటూనే ఉంది. కొడుకు చదువు సంగతి, పత్తి చేనులో పురుగు సంగతి, తనకు నడుం నొప్పి సంగతి. నడుం నొప్పి మాట వినగానే అత్తమ్మ మొహం మారింది. అప్పటిదాకా ఎన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడినా ఆ మాట ఆమె చెవిన పడలేదు.

కూరగాయల బండి ఆమె వచ్చింది. ఎప్పుడూ వంకాయ వంకాయకూ బేరమాడే మా అత్తమ్మ ఆ రోజు వేలితో చూపించి సంచి చాపింది. ఆమెకు గొంతు పోయిందనుకుని బండి ఆమె జాలిపడి, కొత్తిమీర కట్ట ఊరికే వేసి, మిరియాల కషాయం తాగమని చెప్పి వెళ్లింది.

ఎండ ముదిరేసరికి నా పని అయిపోయింది. సూదిలో దారం ఎక్కదు. కణతలు కొట్టుకుంటున్నాయి. జాకెట్టు చేతులు పొట్టిగా ఉండాలని ఒకామె అడిగిందో, పొడుగ్గా ఉండాలని అడిగిందో అర్థం కాక రెండుసార్లు అడిగాను, మూడోసారి విసుక్కున్నాను. ఆమె వెళ్లాక మిషన్ మీద తల పెట్టి కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాదు. కళ్ల ముందు రొట్టె తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు అత్తమ్మ పీట జరుపుకుని నా పక్కకు వచ్చింది. మాట్లాడగలిగితే వంద సంగతులు చెప్పి ఉండేది, తన మొదటి ఉపవాసం సంగతి, పాత రోజుల ఆకలి సంగతి. మాటలు లేవు కనుక నా వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఆ చెయ్యి అలాగే చాలాసేపు ఉంది. అన్నేళ్లలో ఆమె నన్ను ఎన్నోసార్లు ప్రేమగా పలకరించింది కానీ, అలా ఏమీ అనకుండా నా పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఆకలికో, దానికో చెప్పలేను.

ఆ రోజు ఇద్దరం కలిసి కూడికకు వెళ్లాం. తిన్న నోటితో ఆమె, తినని నోటితో నేను.

అలా కొన్ని శుక్రవారాలు గడిచాక పక్కింటామె సంగతి జరిగింది. మా పక్కిల్లు కిరాణా దుకాణం షావుకారుది. వాళ్లింటికీ మాకూ మధ్య పిట్టగోడ ఉంటుంది. మా వైపు ఒక ఎర్ర మందార చెట్టు. దాని కొమ్మలు సగం అటు వంగుతాయి. షావుకారు భార్య తెల్లవారగానే గోడ మీదుగా చెయ్యి చాచి పూలు కోసుకునేది. అటువైపు వంగినవి అయిపోతే ఇటువైపువి కూడా. మా అత్తమ్మకు పూజకు కోసుకోవడం మీద పట్టింపు లేదు. అడగకుండా కోయడం మీదే పట్టింపు. "మాట అడిగితే నోరు అరుగుతదా?" అని ఈమె, "పూలు దేవుడిచ్చినయి, నీవా?" అని ఆమె. చాలా ఏళ్లుగా మా సందులో చాలామంది ఆ తగవు విని నిద్ర లేచేవాళ్లు.

ఆ శుక్రవారం అత్తమ్మ వాకిలి ఊడుస్తుండగా షావుకారు భార్య మామూలుగానే కొమ్మ వంచింది. ఒక పువ్వు కోసి ఆగింది. ఈమె తలెత్తి చూసి మళ్లీ ఊడ్చుకుంటోంది. రెండో పువ్వు కోసింది. ఏ మాటా లేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె గోడ మీదుగా తొంగి చూసింది, పూలు అక్కడే గోడ మీద పెట్టింది, గేటు తీసుకుని మా ఇంటికే వచ్చేసింది.

"ఏమైందే అక్కా? పాణం బాగలేదా? మళ్ల షుగర్ పడిపోయిందా?" అంటూ అత్తమ్మ చెయ్యి పట్టుకుని నుదురు తాకి చూసింది.

నేను బయటికొచ్చి నోటి ఉపవాసం సంగతి చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుని అరుగు మీద కూలబడింది. ఎంత భయపడిందో చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక, మధ్యలో అడ్డు తగిలే మనిషి లేకపోవడంతో, ఇంకా చెప్పుకుంటూ పోయింది.

"మా ఆయనకు పచ్చవాతం వచ్చిందని నీకు ఎర్కనే గదా. మాట సరిగ రాదు, ఎడమ చెయ్యి లేవదు. దుకాణం పిల్లలే చూసుకుంటున్నరు. నాకేమో మోకాళ్ల నొప్పులు, మార్కెట్ దాక పోయి పూలు తెచ్చుకునే శాత కాదు. ఆయనకు ఎర్ర మందారాలే కావాలె. కుడి చేత్తోని ఒక్కొక్క పువ్వు తనే పెట్టుకుంటడు పటం ముంగట. గది ఒక్కటే ఆయన సొంతంగ చేసే పని. అది గూడ లేకుంటే ఇగ ఏం మిగిలింది చెప్పు? నిన్ను అడుగుదామనే అనుకుంట. నోరు తెరిచేలోపే నువ్వు మొదలువెడ్తవ్, నాకు కోపమొస్తది, నేను గూడ అంట."

అత్తమ్మ చీపురు కింద పెట్టేసింది. కళ్లలో నీళ్లు నిండాయి. గబగబా చెట్టు దగ్గరికి వెళ్లి, అందినవన్నీ కోసి, పైకొమ్మల్లోవి నన్ను కోయమని సైగ చేసి, కొంగు నిండా నింపి తెచ్చి ఆమె ఒడిలో పోసింది. ఆమె వద్దు వద్దంటూనే ఒడి పట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వారు.

ఆ రోజు కూడిక ముగియగానే అత్తమ్మ ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా పక్కింటికి వెళ్లింది. గేటు దగ్గరి నుంచే ఆమె గొంతు వినపడింది.

"ముందుగాల్నే చెప్పొద్దా చెల్లె? ఇన్నేండ్లు నన్ను గయ్యాళిదాన్ని చేస్తివి గదనే!"

"నేను చెప్పుడు కాదక్కా, నువ్వు ఇనుడు ఇయ్యాల షురూ అయింది" అంది ఆమె.

అప్పటి నుంచి కూడికలో షావుకారు కోసం అత్తమ్మ ప్రార్థన చేసుకుంటుంది. ఆ సంగతి పక్కింటామెతో చెప్పింది కూడా. "చెయ్యి అక్కా, నేను గూడ నీ షుగర్ కోసం మొక్కుకుంటున్న" అంది ఆమె. ఎవరి దేవుడి దగ్గరికి వాళ్లు వెళ్లి ఒకరి సంగతి ఒకరు చెప్పుకుంటున్నారు. షావుకారు ఇప్పుడు కర్ర పట్టుకుని దుకాణం అరుగు దాకా వచ్చి కూర్చుంటున్నాడు. మందులు పనిచేశాయో, కసరత్తులు పనిచేశాయో, ఇద్దరు ఆడవాళ్ల మొరలు పనిచేశాయో తేల్చే పని మాది కాదు.

నా ఉపవాసమూ నడుస్తూనే ఉంది. ఆకలి తగ్గలేదు. కణతలు ఇప్పటికీ కొట్టుకుంటాయి. కానీ కోపం మాత్రం తగ్గింది. ఆ పూట కష్టమైన పనేమీ పెట్టుకోకుండా ఉంటే సరిపోతుందని తెలిసింది. అందుకే శుక్రవారం కొత్త జాకెట్లు కత్తిరించను, గుండీలు మాత్రం కుడతాను. ఒక్కో గుండీకి ఒక్కో మనిషిని తలచుకుంటాను. పెద్ద మాటలేమీ రావు. ఎవరిని తలచుకుంటే వాళ్ల మొహం కాసేపు నా ఎదుట ఉంటుంది, అంతే. అది కూడా ప్రార్థనేనా అని పాస్టరమ్మను అడిగితే, "ఇంకేం కావాలె బిడ్డా" అంది.

ఈ ఏడాది శుభ శుక్రవారం ఆరాధనలో మాట్లాడమని, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను అంతకుముందు ఆదివారమే సంఘంలో ఏడుగురికి తలా ఒకటి పంచారు. దాహంగా ఉందన్న మాట మా అత్తమ్మకు వచ్చింది. "శుక్రవారం నేను నోరు తెరువ గదా అయ్యగారూ" అని ఆమె అడ్డం చెప్పింది. "ఆయన మాట చెప్పనీకె తెరిస్తే నీ ఉపాసం చెడిపోదులేమ్మా" అన్నారు ఆయన. మందిరమంతా చిన్నగా నవ్వులు. ఆమె మైకు పట్టుకుంటే దించదని అందరికీ భయం. ఒకప్పుడు సాక్ష్యం చెప్పమంటే పాస్టరయ్యగారు గంట కొట్టేదాకా వదిలేది కాదు.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఫ్యాన్లు వేడిగాలే తిప్పుతున్నాయి. ఆమె వంతు వచ్చింది. కొంగు సర్దుకుని ముందుకు వెళ్లి నిలబడింది.

"నేను చానా ఏండ్లు పస్తులున్న. కడుపు ఎండబెట్టుకుంటే ఆయనకు దగ్గరైనట్టే అనుకున్న. దగ్గరైననో లేదో ఆయనకే ఎర్క. గానీ దాహమైతుందని ఆయన అన్నప్పుడు, ఆ మాట ఇన్నోళ్లు ఒకరన్న ఉన్నరు గదా. నేను మాట్లాడుకుంట కూసున్నన్ని దినాలు, నా పక్కన ఎవరికి దాహమైతుందో నాకు ఇనవడలె. నా బిడ్డ నడుం నొప్పి ఇనవడలె, నా పక్కింటామె ఏడుపు ఇనవడలె. ఇప్పుడిప్పుడే జర ఇనవడుతుంది. వందనాలు."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. మా ఆయన మగవాళ్ల వైపు కూర్చుని రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు, చెమటే అన్నట్టు.

ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి మూడు దాటింది. వేపచెట్టు కింద బానల్లో మజ్జిగ పోస్తున్నారు. ఇద్దరం చెరో గ్లాసు తాగి, నీడ పట్టుకుని ఇంటిదారి పట్టాం. సందు మలుపు తిరగకముందే ఆమె మొదలుపెట్టింది. ఫ్యాన్లు ఎంత పాతవో, పాస్టరమ్మ ఎంత చిక్కిపోయిందో, మజ్జిగలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో, పండుగకు సర్వపిండి చేసుకుందామా బూరెలు చేసుకుందామా. నేను ఏదో అనబోయి, సందు దొరకక ఊఁ కొడుతూ నడుస్తున్నాను. సగం దారిలో ఆమె ఆగి నా వైపు తిరిగింది.

"నువ్వేందో చెప్పబోతివి బిడ్డా?"

"ఏం లేదత్తమ్మా. బూరెలే చేద్దాం."

"సరే, బూరెలే" అంది, మళ్లీ నడక సాగించింది.